పేలుతూ, ఆగిపోతూ సతాయించే పాత కారు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పట్టుకోవాలి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు ఇంకా అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, కార్బొరేటర్ రోజుల మారుతీ 800లు కనిపిస్తూనే ఉంటాయి. కొన్ని తాతల నాటివి, కొన్ని సర్కారు వేలంలో పాడుకున్నవి, కొన్ని పెళ్ళిళ్ళకి తిప్పుకోడానికి ముచ్చటపడి కొన్నవి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. వాటి మీద చెయ్యి తిరిగిన పాత మిస్త్రీలు ఒక్కొక్కరే షెడ్లు మూసేస్తున్నారు. కొత్త కుర్రాళ్ళు బానెట్ ఎత్తి, స్కానర్ పెట్టే సాకెట్ ఎక్కడుందని వెతుకుతారు. అంచేత ఘాట్ మీద బండి ఢాం అని పేలి ఆగిపోతే ఏం చూడాలో బండి ఉన్నవాళ్ళే నేర్చుకోవాలి.

పట్టుకోవాల్సింది ఒక్క వరుస. ముందు కరెంటు, తర్వాత పెట్రోలు, ఆ తర్వాత గాలి, ఆఖర్న కార్బొరేటర్. షెడ్లలో జరిగేది దీనికి తలకిందులు. బండి పేలిందనగానే అందరి చెయ్యీ స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బొరేటర్ మీదికే పోతుంది. బాగున్న సెట్టింగ్ కాస్తా చెడుతుంది, అసలు రోగం మాత్రం డెల్కోలో, అదే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, హాయిగా కూర్చుని ఉంటుంది. రాయగడలో ఒక షెడ్డు పెద్దాయన ఇలాంటప్పుడు అనే మాట: "బాబూ, ముందు ప్లగ్గులు ఇప్పి సూపించు. నీ కార్బొరేటర్ కత తరవాత సెప్దువుగాని."

పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు. సెల్ఫు కొడుతున్నప్పుడు కార్బొరేటర్ నోట్లోకి తొంగిచూడకండి. ఎయిర్ క్లీనర్ తీసేసి, అరచేత్తో నోరు మూసి, సీసాతో పెట్రోలు పోస్తూ స్టార్ట్ చేయించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పేలే జబ్బున్న బండికి అది చెయ్యకూడని పని. మంట ఎగిసి కనుబొమలు కాలినవాళ్ళున్నారు. ఎయిర్ క్లీనర్ ఆ మంటను కూడా అడ్డుకుంటుంది, ఊరికే పారేయకండి. లుంగీ కొంగు, చున్నీ, మెడలో తువ్వాలు ఫ్యాన్ దగ్గర వేలాడకుండా చూసుకోండి. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి.

ముందు చెవులతో పని

స్పానర్ తీసే ముందు రెండు ప్రశ్నలకి జవాబు కాగితం మీద రాసుకోండి: ఎక్కడ పేలుతోంది, ఎప్పుడు ఆగుతోంది.

ముందు వైపు, బానెట్ కింద ఠప్ ఠప్ మని తుమ్మినట్టు వస్తే మంట కార్బొరేటర్ లోంచి వెనక్కి తంతోంది. సిలిండర్‌లోకి వెళ్ళే మిశ్రమంలో పెట్రోలు తక్కువై నెమ్మదిగా కాలడం, టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే సమయం) తప్పడం, ప్లగ్గు వైర్లు తారుమారవడం, ఇన్‌టేక్ వాల్వు సరిగ్గా మూసుకోకపోవడం, సాధారణంగా ఈ నాలుగిట్లో ఒకటి.

వెనక సైలెన్సర్‌లో ఢాం అంటే కాలకుండా తప్పించుకున్న పెట్రోలు ఆవిరి వేడి పైపులో అంటుకుంటోంది. ఏదో ఒక ప్లగ్గు మిస్సవుతూ ఉండొచ్చు, టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, పెట్రోలు మరీ ఎక్కువ పడుతూ ఉండొచ్చు, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి ఉండొచ్చు. సుంకి ఘాట్ దిగుతూ ఎక్సలేటర్ మీద కాలు తీసినప్పుడు మాత్రమే పట పట మంటే మేనిఫోల్డ్ దగ్గరో, సైలెన్సర్ పైపు జాయింటు దగ్గరో గాలి పీలుస్తోందేమో చూడండి. చీకట్లో ఇంజను స్టార్ట్ చేసి చూస్తే ప్యాకింగ్ పోయిన చోట ఒక్కోసారి నిప్పు మెరుపులు కనిపిస్తాయి, మసి చార ఎలాగూ ఉంటుంది. దిగుడులో కొద్దిపాటి పట పటలకి పాత బళ్ళలో కంగారు పడనక్కర్లేదు.

ఆగిపోవడంలోనూ రకాలున్నాయి. తాళం తిప్పేసినట్టు ఒక్కసారిగా చచ్చిపోతే అది కరెంటు. దగ్గుతూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ, నీరసించి ఆగితే పెట్రోలు. పరుగులో బాగుండి చౌరస్తాలో నిలబడగానే ఆగిపోతే స్లో జెట్టు (ఇంజను నిలకడగా మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే సన్నటి రంధ్రం) గానీ, గాలి లీకు గానీ. బ్రేకు తొక్కినప్పుడే ఆగితే ఫ్లోట్ మట్టం (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఎత్తు) మీద, బూస్టర్ ఉన్న మోడల్ అయితే దాని వాక్యూమ్ పైపు మీద అనుమానం పెట్టుకోండి. వేడెక్కాక మాత్రమే ఆగి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే కాయిల్ (ప్లగ్గు కోసం కరెంటు వోల్టేజి పెంచేది), కండెన్సర్ (డెల్కో పాయింట్ల దగ్గర నిప్పురవ్వని అణిచేది), లేదంటే వేపర్ లాక్ (పెట్రోలు పైపులోనే ఆవిరైపోవడం).

చల్లారితే బాగుపడే బండితో జనం ఎక్కువ మోసపోతారు. షెడ్డుకి చేరేసరికి చల్లారిపోతుంది, మిస్త్రీకి జబ్బు కనిపించదు, నాలుగు కొత్త సామాన్లు వేసి పంపిస్తాడు. అందుకే ఆగిన చోటే, వేడి మీదే, చూడాలి.

ఒకటో పని: బ్యాటరీ, ఎర్తు

త్వరగా అయిపోతుంది. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్ల బూజు గీకి బిగించండి. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ తుప్పు పట్టలేదు కదా చూడండి. తాళం వేసి (అంటే ఇగ్నిషన్ ఆన్ చేసి) ఉంచి, కాయిల్ మీది వైర్లు చేత్తో కొద్దిగా కదిపి చూడండి. లూజు లగ్గు ఉంటే ఇక్కడే దొరికిపోతుంది.

రెండో పని: ప్లగ్గులు

ఊళ్ళో చుట్టూ తిరిగి వచ్చాక కాదు, కొంత దూరం పరుగు తీసి వచ్చాక, చదును చోట ఆపి ప్లగ్గులు విప్పండి. చల్లారనిచ్చి విప్పడం మంచిది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా కాగితం మీద పేర్చండి (మారుతీ 800లో మూడే ఉంటాయి). అంబాసిడర్, పద్మినిలో రేడియేటర్ వైపు ఉన్నది ఒకటో నంబరు.

నాలుగూ లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను లోపల మంట బాగానే ఉంది. నాలుగూ పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది: చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం, ఫ్లోట్ మట్టం ఎక్కువవడం. నాలుగూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు. మూడు బాగుండి ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే కార్బొరేటర్ని మర్చిపోండి. నాలుగింటికీ అదే కార్బొరేటర్ కదా! ఆ ఒక్క సిలిండర్ వైరు, ప్లగ్గు, వాల్వు చూడాలి. తడి నూనె జిడ్డు అయితే రింగులు, వాల్వు గైడ్ల సంగతి.

ప్లగ్గు కొనల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) చూడండి. పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకి 0.025 అంగుళం, అంటే 0.6 మిల్లీమీటర్లు. గ్యాప్ తగ్గించాలంటే పక్క కొమ్మునే తట్టాలి, మధ్య దాన్ని ముట్టుకోకూడదు.

మూడో పని: డెల్కో

కాస్త ఓపిగ్గా కూర్చోవాల్సింది ఇక్కడే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొరాపుట్ కొండల్లో ముసురు పడితే డెల్కో మూత లోపల చెమ్మ చేరుతుంది. పొద్దున్న సెల్ఫు కొడితే ఒకటీ అరా పేలి ఊరుకుంటుంది. మూత తీసి పొడి నూలుగుడ్డతో లోపల తుడవండి. తర్వాత వెలుతురుకి పట్టి, రెండు కొమ్ముల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఏమైనా ఉందేమో చూడండి. ఆ గీత దారిన కరెంటు ఒక ప్లగ్గుకి వెళ్ళాల్సింది ఇంకోదానికి దూకుతుంది. కార్బొరేటర్‌లో పేలడానికి అదొక్కటే చాలు. గీకితే పోదు, మూత మార్చాల్సిందే. మధ్యలో ఉండే నల్ల కార్బన్ ముక్క స్ప్రింగు మీద ఆడుతోందా, అరిగి లోపలికి దిగిపోయిందా అదీ చూడండి. మూత కింద తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు అందించే రోటర్ మీద పగులు ఉన్నా ఇదే కథ.

ఇక పాయింట్లు, అంటే డెల్కోలో కరెంటుని తెరుస్తూ మూస్తూ ఉండే చిన్న స్విచ్చు. ఇంజను హ్యాండిల్‌తో తిప్పి, పాయింటు మడమ క్యామ్ కొమ్ము మీద నిలబడేలా ఆపండి. అప్పుడు గ్యాప్ కొలవండి. లూకాస్ డెల్కోలో 0.014 నుంచి 0.016 అంగుళం ఉండాలి. మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, టైమింగ్ వెనకబడుతుంది, బండి వేడెక్కుతుంది, సైలెన్సర్‌లో పేలుతుంది. ఎవరూ ఏ స్క్రూ తిప్పకుండానే టైమింగ్ ఎలా మారిందని ఆశ్చర్యపోయేవాళ్ళకి జవాబు ఈ ముల్లంత మడమలో ఉంది. క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాస్తే అరుగుదల తగ్గుతుంది. ఎక్కువ రాస్తే చిమ్మి పాయింట్ల మీద పడి అదో కొత్త తంటా.

పాయింట్ల ముఖాలు చూడండి. ఒకదాని మీద గుట్ట, రెండోదాని మీద గుంట ఉంటే, లేదా నీలంగా కాలి ఉంటే, కండెన్సర్ మీద అనుమానం. తాళం వేసి, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు చెక్క పుల్లతో తెరవండి. చిన్న నిప్పురవ్వ మామూలే. పెద్ద పసుపు మంట లేచి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరు దగ్గర మాత్రం కరెంటు నీరసంగా ఉంటే కండెన్సర్ పోయినట్టే. కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడికి చేతులెత్తేయడం మామూలే. ఈ మధ్య దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకాలు ఎక్కువ. అందుకని బాగా పనిచేసిన పాతదాన్ని పారేయకుండా దాచుకోండి. నన్నడిగితే డబ్బాలో కొత్తదానికంటే దానికే విలువ ఎక్కువ.

చాలామందికి తట్టని చోటు ఇంకొకటుంది. పాయింట్లకి వచ్చే సన్నటి వైరు, ప్లేటుని ఎర్తు చేసే ఇంకో చిన్న వైరు, రెండూ డెల్కో లోపలే ఉంటాయి. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా వాక్యూమ్ లాగడంతో లోపలి ప్లేటు అటూ ఇటూ కదులుతుంది, దానితో పాటు ఈ వైర్లూ. ఏళ్ళ తరబడి వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉండి, లోపల రాగి తెగిపోతుంది. అప్పుడు బండి స్లోలో చక్కగా ఉంటుంది, ఎక్సలేటర్ తొక్కగానే టక్కున ఆగుతుంది, లేదా ఢాం అంటుంది. ఇది అచ్చం కార్బొరేటర్ జబ్బులాగే కనిపిస్తుంది, దీనికోసం కార్బొరేటర్లే మార్చేసినవాళ్ళున్నారు. పట్టుకోవడం తేలిక: డెల్కోకి వచ్చే వాక్యూమ్ పైపు పీకి, ఆ కొసని చిన్న బోల్టుతో మూసి, బండి నడపండి. జబ్బు మాయమైతే వైరు మార్చండి. అక్కడ మామూలు గట్టి వైరు వెయ్యకండి, సన్నటి పోగులున్న మెత్తటి వైరే వెయ్యాలి.

రోడ్డు మీద బండి ఒక్కసారిగా చచ్చిపోయినప్పుడు ఒక చిన్న టెస్ట్ బల్బు ఉంటే చాలు. తాళం వేసి, ఒక కొస ఎర్తుకి, రెండోది కాయిల్‌కి తాళం వైపు నుంచి కరెంటు వచ్చే టెర్మినల్‌కి పెట్టండి. వెలగకపోతే తాళం నుంచి వచ్చే వైరు చూడాలి. వెలిగితే ఆ కొసని డెల్కో వైపు టెర్మినల్‌కి మార్చి ఇంజను తిప్పించండి. వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవట్లేదు, లేదా డెల్కో లోపలి వైరు తెగింది. అసలు వెలగకపోతే పాయింట్లు తెరుచుకోవట్లేదు, ఎక్కడో ఎర్తు తగులుతోంది, లేదా కాయిలే లోపల తెగింది.

ప్లగ్గు వైర్ల వరుస అంబాసిడర్, పద్మినిలో 1-3-4-2, మూడు సిలిండర్ల మారుతీ 800లో 1-3-2. రోటర్ ఎటు తిరుగుతుందో హ్యాండిల్ తిప్పి కళ్ళారా చూసుకుని, ఆ దిశలో పేర్చండి. పాత అంబాసిడర్‌లో రోటర్ గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. సర్వీసింగ్ చేయించి ఇంటికి రాగానే పేలుడు మొదలైతే ముందు చూడాల్సింది ఇదే. రెండు వైర్లు మారాయంటే ఇంజను ఒంటికాలి మీద గెంతుతుంది.

నాలుగో పని: టైమింగ్

పాయింట్ల గ్యాప్ సరిచేసే వరకు టైమింగ్ ముట్టుకోకండి, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి, రంధ్రం మీద వేలు పెట్టి, హ్యాండిల్ తిప్పండి. గాలి వేలిని తోసినప్పుడు అది కంప్రెషన్ మీద ఉంది. మెల్లగా తిప్పుతూ ఇంజను ముందు కప్పీ (పుల్లీ) మీది గుర్తుని మాన్యువల్లో రాసిన డిగ్రీల దగ్గర ఆపండి. టెస్ట్ బల్బు డెల్కో టెర్మినల్‌కీ ఎర్తుకీ పెట్టి, తాళం వేసి, డెల్కో బిగింపు వదులు చేసి, మొత్తాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. అక్కడ బిగించండి. రోటర్ తిరిగే దిశకి ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది, రోటర్ దిశలో తిప్పితే వెనక్కి పోతుంది.

రోటర్‌ని వేళ్ళతో దాని దిశలో తిప్పి వదలండి. స్ప్రింగులకి చటుక్కున వెనక్కి రావాలి. రాకుండా అక్కడే ఉండిపోతే లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉండే బళ్ళకి ఇది వస్తుంది.

ఐదో పని: పెట్రోలు అందుతోందా

కార్బొరేటర్‌కి వచ్చే పైపు విప్పి, కొస ఒక సీసాలో పెట్టండి. కాయిల్ వైరు పీకేసి ఇంజను తిప్పించండి. పెట్రోలు చీదుతూ, బలంగా, లయగా పడాలి. జారుతూ సన్నగా వస్తే, బుడగలతో వస్తే, వెనక్కి వెళ్ళండి: ఫిల్టరు, ఏసీ పంపు (ఇంజనే తిప్పే పెట్రోలు పంపు), పైపు, ట్యాంకు. పంపు మీద గాజు గిన్నె ఉంటే దాని ప్యాకింగ్ ఎండి గాలి పీలుస్తుంది. ట్యాంకు మూత వదులు చేయగానే హుస్సు మని గాలి లోపలికి పోయిందంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. చీపురుపుల్లంత రంధ్రం కోసం బండి పది కిలోమీటర్లకోసారి ఆగుతుంది.

ఇథనాల్ సంగతి ఇక్కడే చెప్పాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. మన బళ్ళు దానికోసం పుట్టినవి కావు. పాత రబ్బరు పైపులు ఉబ్బి, మెత్తబడి, లోపలి పొరలు ఊడి జెట్లకి అడ్డం పడతాయి. పంపు డయాఫ్రం గట్టిపడి చిట్లుతుంది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది కాబట్టి వానాకాలమంతా సగం ట్యాంకుతో ఊరికే నిలబెట్టిన బండిలో నీళ్ళు అడుక్కి చేరొచ్చు. అనుమానం ఉంటే ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం తీసి రాత్రంతా ఉంచండి. కింద వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం దించి కడగాల్సిందే. పైపులన్నీ ఇథనాల్‌కి పనికొచ్చేవి వేయించుకోండి. బండి ఆగడం అటుంచి, వేడి ఇంజను మీద పెట్రోలు కారడం ప్రాణం మీదికి తెచ్చే విషయం.

మే నెలలో సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి దగ్గర టీకి ఆపితే, తిరిగి స్టార్ట్ అవదు. పైపులోనూ పంపులోనూ పెట్రోలు ఆవిరైపోయి, పంపు ఆవిరినే నములుతూ ఉంటుంది. తడిగుడ్డ పంపుకీ పైపుకీ చుట్టి కాసేపు ఆగండి. చెంబుతో నీళ్ళు పోయకండి, గాజు గిన్నె పగులుతుంది. ఇంటికొచ్చాక పైపు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కి ఎంత దగ్గరగా పోతోందో చూసి దూరంగా మళ్ళించండి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టించండి.

ఘాట్ మీద ఆపితే చక్రానికి రాయి పెట్టడం అందరికీ తెలుసు. పని అయ్యాక ఆ రాయిని రోడ్డు మధ్యలోనే వదిలేసి పోయే మహానుభావులు మాత్రం ఒక్కసారి రాత్రిపూట బైకు మీద ఆ మలుపు తిరిగి చూడాలి.

ఆరో పని: దొంగగాలి

కార్బొరేటర్ కింద ప్యాకింగ్, మేనిఫోల్డ్ ప్యాకింగ్, వాక్యూమ్ పైపులు, థ్రాటిల్ ఇరుసు. వీటిలో ఎక్కడ సందు ఉన్నా లెక్కలో లేని గాలి లోపలికి పోయి మిశ్రమం పలచనవుతుంది. స్లోలో నిలబడదు, తొక్కితే కార్బొరేటర్‌లో తుమ్ముతుంది. కనిపెట్టడానికి కొందరు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద ఆ పని చెయ్యకండి. ఆయిల్ క్యాన్‌తో జాయింటు చుట్టూ చిక్కటి ఇంజన్ ఆయిల్ రెండేసి చుక్కలు వదులుతూ పోండి. ఒక చోట వేసినప్పుడు ఇంజను శబ్దం మారిందంటే సందు అక్కడే. కార్బొరేటర్ అడుగు నట్లు బలంకొద్దీ బిగించే అలవాటు వల్ల అంచు వంగిపోతుంది. విప్పి అద్దం పలక మీద పెట్టి చూస్తే ఊగుతుంది. కొత్త ప్యాకింగ్ దాన్ని ఎన్నాళ్ళో కాయదు, అంచు చదును చేయించాలి.

ఏడో పని: ఇప్పుడు కార్బొరేటర్

ఇంత దూరం వచ్చాక స్క్రూడ్రైవర్ తీయండి. మిక్చర్ స్క్రూ విప్పే ముందు పూర్తిగా మూసుకునేదాకా మెత్తగా బిగిస్తూ ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టి రాసుకోండి. జెట్లు విప్పి కార్బొరేటర్ క్లీనర్‌తోనో శుభ్రమైన పెట్రోలుతోనో కడిగి, సైకిల్ పంపుతో ఊదండి. పిన్నీసు, రాగి తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక ఎందుకూ పనికిరాదు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు గలగలలాడితే చిల్లు పడి బరువెక్కింది, మట్టం పెరిగి బండి పెట్రోలు కక్కుతుంది.

ఇంజను ఆపి ఉన్నప్పుడు, ఎయిర్ క్లీనర్ తీసి, చేత్తో థ్రాటిల్ లాగండి. లోపల సన్నటి పెట్రోలు ధార పిచికారీలా కొట్టాలి. కొట్టకపోతే ఎక్సలేటర్ పంపు డయాఫ్రం పోయింది. తొక్కగానే ఒక్క క్షణం తడబడి ఠప్ మనడం దాని లక్షణం. ఎస్.యు. కార్బొరేటర్ ఉన్న పాత బళ్ళలో ఈ పిచికారీ ఉండదు. పైన నల్ల మూత విప్పి లోపల పలచటి ఆయిల్ ఉందో లేదో చూడండి. ఎండిపోతే అచ్చం ఇదే తడబాటు వస్తుంది. పిస్టన్ని వేలితో ఎత్తి వదిలితే టక్ మని కిందికి పడాలి.

సెట్టింగ్ ఇంజను బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా తెరిచి చెయ్యాలి. మిక్చర్ స్క్రూని పెట్రోలు తగ్గే వైపు ఇంజను తడబడేదాకా తిప్పండి, తర్వాత ఇటు తిప్పుతూ సాఫీగా, వేగంగా తిరిగే చోట ఆపండి. స్పీడు ఎక్కువైతే స్లో స్క్రూతో తగ్గించండి. ఎటు తిప్పితే పెట్రోలు తగ్గుతుందో కార్బొరేటర్ రకాన్ని బట్టి మారుతుంది, ఇంజను చెప్పేదే వినండి.

కొండల మీద ఇంకో చిక్కు. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సముద్ర తీరంతో పోలిస్తే దాదాపు 8 శాతం పలచన. కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, కింద ఇచ్చినట్టే పెట్రోలు ఇస్తుంది. అంచేత పార్వతీపురంలో సెట్ చేయించిన బండి కొరాపుట్‌లో కొంచెం నల్లగా కక్కుతూ స్లోలో నీరసిస్తుంది. కొరాపుట్‌లో సెట్ చేసింది విజయనగరం దిగితే పలచనై కార్బొరేటర్‌లో తుమ్ముతుంది. రెండు చోట్లకీ తిరిగే బండిని కింద సెట్ చేయించడమే మేలు. కొండ మీద కాస్త ఎక్కువ పెట్రోలు తాగితే డబ్బే పోతుంది. మైదానంలో పెట్రోలు చాలక వేడెక్కితే వాల్వులు పోతాయి. ఇథనాల్ పెట్రోలుతో మిశ్రమం ఎలాగూ పలచబడుతుంది కాబట్టి ఇదింకా ముఖ్యం.

ఎనిమిదో పని: ఇవేవీ కాకపోతే

ఒకే సిలిండర్ లయ తప్పకుండా పేలుతుంటే వాల్వుల దాకా వెళ్ళాలి. మాన్యువల్ చెప్పినట్టు ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు) కొలిచి, కంప్రెషన్ గేజ్ పెట్టించండి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అంతా సీసం లేని పెట్రోలే. పాత ఇంజన్లలో వాల్వు సీట్లకి ఆ సీసమే మెత్తటి కవచం. అది లేక, గట్టి సీట్లు వేయించని హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు కొద్దికొద్దిగా సీటులోకి దిగిపోతుంది, ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది, వాల్వు కాలుతుంది. ట్యాపెట్ సరిచేసిన కొన్నాళ్ళకే మళ్ళీ బిగుసుకుంటోందంటే హెడ్ దించి గట్టి సీట్లు వేయించడం తప్ప దారి లేదు. ఈ పని నమ్మకమైన మెషిన్ షాపులోనే చేయించండి, చౌకబేరానికి పోవద్దు.

డిక్కీలో ఉంచుకోవాల్సినవి: ఒకసారి వాడి చూసిన పాయింట్లు, కండెన్సర్, రోటర్, ఒక కాయిల్, ఒక ప్లగ్గు, మీటరు పెట్రోలు పైపు, నాలుగు క్లిప్పులు, టెస్ట్ బల్బు, ఫీలర్ గేజ్, ఇన్సులేషన్ టేపు, నూలుగుడ్డ. ఏదైనా మార్చేటప్పుడు ఒక్కటే మార్చి, నడిపి చూసి, తర్వాతే ఇంకోటి ముట్టుకోండి. మూడు ఒకేసారి మారిస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు, పాడైనా ఏది పాడుచేసిందో తెలియదు.

అన్నీ అయ్యాక ఊళ్ళో కాదు, ఎక్కుడు రోడ్డు మీద పరీక్షించండి. సాలూరు వైపు వాళ్ళు సుంకి దాకా, జయపురం వాళ్ళు కొరాపుట్ ఎక్కుడు. పైకి చేరాక చదును చోట ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ నాలుగు ప్లగ్గులూ విప్పి చూడండి. నాలుగూ తెల్లగానే ఉంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. ఒక్కటే నల్లగా మిగిలితే మూడో పనికి వెనక్కి పోయి, ఆ సిలిండర్ వైరు దగ్గర నుంచి మొదలుపెట్టండి.